లోవమ్మ గారు తెచ్చిన పేర్ల బిందెలు

మా ఇంటి చెత్తకు మొట్టమొదట మర్యాద ఇచ్చిన మనిషి లోవమ్మ గారు.

సికింద్రాబాద్ పక్కన అల్వాల్‌లో మా వీధికి ఆమె మొదటిసారి వచ్చినప్పుడు, ఏవో పౌడర్లు అమ్మడానికి వచ్చిందనుకుని గేటు దగ్గరే వద్దు పొమ్మన్నాను. ఆమె పోలేదు. గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, అమ్మడానికి రాలేదు, అడగడానికి వచ్చానంది. ఇంతకీ ఆమె అడిగిందేమిటంటే, వాడేసిన సబ్బు కవర్లూ, టీపొడి ప్యాకెట్లూ, నూనె ప్యాకెట్లూ పారేయకుండా తానిచ్చే మూత డబ్బాలో దాచిపెట్టాలట. నెలాఖరున తానే వచ్చి, వరండాలో చాప మీద వాటిని కుమ్మరించి, రకానికో కుప్ప పెట్టి, ఏ ఇంట్లో ఏ సరుకు ఎంత వాడారో రాసుకుని పోతుందట. ఆ లెక్కల్ని సబ్బుల కంపెనీలూ నూనెల కంపెనీలూ కొనుక్కుంటాయట. మా చెత్తబుట్టలో ఏముందా అని ఎక్కడో పెద్ద పెద్ద ఆఫీసుల్లో మనుషులు కాచుకుని ఉన్నారంటే నాకు నవ్వాగలేదు.

ఎదురింటి పుష్పమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె అల్వాల్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఇంటి వెనక బర్రెలు, వీధి వీధంతా ఆమె దగ్గరే పాలు. ఆమె నోటికి జడిసి కరెంటు లైన్‌మన్ కూడా మా వీధికి చెప్పిన టైముకి వచ్చేవాడు. అలాంటి మనిషి గేటు మీద చేతులు పెట్టుకుని, మా ఇంటి ముచ్చట మీకిస్తే మాకేమిస్తారని సూటిగా అడిగింది. లోవమ్మ గారు సంచిలోంచి తళతళలాడే స్టీలు గిన్నె తీసి చూపించింది. ఊరికినే ఏదీ పట్టుకెళ్ళను, నెలకో సామాను ఇస్తానంది. అంతే, పుష్పమ్మ డబ్బా పుచ్చుకుంది. ఆమె ఇంట్లో పాల ప్యాకెట్ ఉండదు, నెయ్యి ప్యాకెట్ ఉండదు. నెలాఖరుకు డబ్బాలో రెండు బట్టల సబ్బు కవర్లు మాత్రం ఉండేవి. వాటికి కూడా గిన్నె ఇచ్చి వెళ్ళేది లోవమ్మ గారు. తక్కువ కొనడం కూడా లెక్కేనట.

ఆమెది తుని దగ్గర పల్లె. భర్త వరహాలబాబు గారు సికింద్రాబాద్‌లో ఒక లారీ పార్శిల్ ఆఫీసులో గుమాస్తా. ఈ ఉద్యోగం ఆమెకు దొరికిన తీరు వింటే ఆమె ఎలాంటిదో తెలుస్తుంది. ఒక పిల్ల సర్వే కాగితాలతో వాళ్ళింటికి వస్తే, కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఇవన్నీ ఎందుకడుగుతున్నావు, ఎవరికిస్తావు, వాళ్ళేం చేసుకుంటారు అని ఎదురు ప్రశ్నలు వేసిందట. ఆ పిల్ల పెళ్ళి కుదిరి ఉద్యోగం మానేసేటప్పుడు, నా కంటే మీరే బాగా అడుగుతారండీ అని తన సంచీ ఈమెకే అప్పగించి పోయింది.

మా వీధిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. లోవమ్మ గారు ఆ విషయంలో వేరే మట్టితో చేసిన మనిషి. ఎవరింట్లో జుట్టుకు రంగేస్తారో, ఏ మడి ఇంట్లో కోడిగుడ్డు మసాలా ప్యాకెట్ తేలిందో ఆమెకు తెలుసు. ఒక ఇంటి మాట ఇంకో ఇంటి గడప దాటించేది కాదు. ఆ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. మా ఆయన పనిచేసే చిన్న ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఇంకా నడుస్తోందని అందరితోనూ బొంకాను. కానీ డబ్బా బొంకదు కదా. పెద్ద నూనె ప్యాకెట్లు పోయి చిన్నవి వచ్చాయి, టీపొడి ప్యాకెట్ పోయి రూపాయి సాషేలు వచ్చాయి. చాప మీద ఆ సాషేలన్నీ పేరుస్తుంటే తల వంచుకుని కూర్చున్నాను. ఆమె లెక్క రాసుకుంది, గిన్నె ఇచ్చింది, మంచినీళ్ళు అడిగి తాగింది. టీ ఇవ్వబోతే, ఎండకు టీ పడదండీ అంది. అంతకుముందు ప్రతి నెలా మా ఇంట్లో రెండు కప్పులు తాగిన మనిషి. ఆ రోజు నుంచి ఆమె నాకు తోబుట్టువు.

ఆ ఏడాది లోవమ్మ గారి సర్వే కంపెనీ ఒక పెద్ద ఆశ పెట్టింది. ఏడాది పొడుగునా డబ్బా తప్పకుండా నింపిన ప్రతి ఇంటికీ దసరాకు స్టీలు బిందె ఇస్తామంది. బిందె మీద పేరు కూడా వేయించి ఇస్తారు. ఎవరెవరి పేరు వేయించాలో అడగడానికి లోవమ్మ గారు ఇల్లిల్లూ తిరిగింది. పుష్పమ్మ అలవాటు కొద్దీ భర్త పేరు చెప్పింది. వాళ్ళింట్లో సామానులో సగం మీద మామగారు పర్వతాలు పేరుంటుంది, మిగతా సగం మీద భర్త పేరు. గరిటె కాడ మీద కూడా ఆమె పేరు లేదు.

"కవర్లు దాచింది మీరండి. మీ డబ్బాకి మీ పేరే," అంది లోవమ్మ గారు. "దసరాకి మీ పేరున్న బిందె మీ ఇంట్లో ఉంటుంది. నాదీ మాట."

అంత నోరున్న పుష్పమ్మ కొంగుతో ఊరికే గేటు తుడిచింది. ఆ తర్వాత నుంచి ఏ ఇంట్లో పొరపాటున ఒక కవరు మోరీ కాలవలో పడినా, వీధి చివరి దాకా వినపడేలా తిట్టి మరీ తీయించేది.

అది రెండువేల సంవత్సరం. ఊరంతా కంప్యూటర్ పిచ్చి. సందుకో కోచింగ్ సెంటర్, మలుపుకో నెట్ సెంటర్. మా వీధి ఇడ్లీబండి వాడు కూడా బోర్డు మీద పేరు చివర డాట్ కామ్ అని రాయించాడు. సర్వే కంపెనీకి మాత్రం పిచ్చి పట్టకుండా ఉంటుందా? పాత మేనేజర్ పోయి తిరుమల్ అనే కుర్రాయన వచ్చాడు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో పుట్టినవాడే, పెద్ద చదువు చదివి, బొంబాయిలో పనిచేసి వచ్చాడు. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం లోవమ్మ గారిని వెంటబెట్టుకుని మా వరండాకే వచ్చాడు. ఒళ్ళో మడత కంప్యూటర్ తెరిచి, రంగురంగుల బొమ్మలు చూపించాడు. ఇక డబ్బాలు వద్దట, కవర్లు వద్దట. కంపెనీ ఒక వెబ్‌సైట్ పెడుతోందట.

"అంతా ఫ్రీ అమ్మా," అన్నాడు. "పంచాంగం, రైళ్ళ టైములు, వంటలు, పిల్లల రిజల్ట్స్, అన్నీ ఫ్రీ. మీరు నెలనెలా ఇంట్ల ఏం కొన్నరో అండ్ల కొట్టుండ్రి, సాలు."

నిజం చెప్పొద్దూ, నాకు ఆశ పుట్టింది. ఆ ఏడాదే మా పిల్ల రిజల్ట్ కోసం పేపర్ల వ్యాన్ వెనకాల పరుగెత్తాం. ఊరికే వస్తే నాకొకటి మా అన్నకొకటి అన్నట్టు, వరండాలో సగంమంది తలలు ఊపారు. ఆ ఫ్రీ చూడాలంటే నెట్ సెంటర్ వాడికి గంట లెక్కన కట్టాలన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు. పుష్పమ్మ మాత్రం కంప్యూటర్ వైపు చూడకుండా ఆ కుర్రాడి మొహం వైపు చూసింది.

"అంత ఫ్రీ అయితే నీ జీతం ఎవలిస్తరు బిడ్డా?"

"అడ్వర్టయిజ్‌మెంట్లోళ్ళు ఇస్తరమ్మా. మీ ఇంట్ల ఏ సబ్బు వాడుతరో తెలిస్తే, మీకు పనికొచ్చే సబ్బు గురించే చూపిస్తరు."

"అంటే నా ముచ్చట ఆళ్ళకమ్మి, నాకు పంచాంగం జూపెడతవన్నట్టు. పంచాంగం మా గుళ్ళె అయ్యగారు జెప్తడు గద."

తిరుమల్ మంచివాడే, నవ్వేశాడు. లోకమంతా ఇలాగే పోతోందమ్మా, ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చుకుంటూ పోతే ఏ కంపెనీ నిలవదు, అందరికీ ఉచితంగా అన్నీ దొరకాలంటే ఇదే దారి అని ఓపిగ్గా చెప్పాడు. అందులోనూ న్యాయం లేకపోలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆయన మమ్మల్ని లోకువ చేసి మాట్లాడలేదు. నమ్మిందే చెప్పాడు.

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ లోవమ్మ గారు అప్పుడు నోరు విప్పింది. బిందెల సంగతేమిటని అడిగింది. ఆ స్కీం బంద్ అయిందనీ, వాటి బదులు వెబ్‌సైట్‌లో పాయింట్లు ఇస్తారనీ తిరుమల్ చెప్పాడు. ఈ నెల కవర్లు వస్తే సబ్బు కంపెనీ వాళ్ళకివ్వాల్సిన ఏడాది లెక్క పూర్తవుతుంది, దాంతోపాటు డబ్బాలు కూడా ఆఫీసుకు జమ చేసెయ్యాలన్నాడు. వరండాలో ఒక్కరు కూడా ఆయన వైపు చూడలేదు. అందరూ లోవమ్మ గారినే చూశారు. ఆమె మొహం కందగడ్డలా అయింది.

మర్నాడు ఆమె ఒక్కతే మా ఇంటికి వచ్చింది. వరహాలబాబు గారు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, కంపెనీ ఇవ్వనంటే నువ్వేం చేస్తావు అన్నాడట. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, కంపెనీ మీద. ఉద్యోగం పోతే పోయింది, ఆ పాయింట్లేవో వాళ్ళ నెత్తినే వేసి కొట్టిరమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మాటిచ్చింది కంపెనీ కాదండి, నేను," అంది. "డబ్బా మూత తీస్తే ఆ ఇంట్లో ఏటవుతుందో నాకు తెలిసిపోద్ది. అంతంత ఇచ్చారు నాకు. పుచ్చుకుని వట్టి చేతుల్తో నిలబడితే, రేపు పుష్పమ్మ గారి గుమ్మంలోకి ఏ మొకం పెట్టుకు వెళ్ళనండి?"

కాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక మొహం కడుక్కుని, టీ పెట్టమంది. టీ తాగుతూ ఉపాయం చెప్పింది. కంపెనీకి కావలసింది ఈ ఆఖరి నెల కవర్లు. అవి ఎవరిళ్ళలో వాళ్ళు మూటగట్టి అటక మీద పెట్టుకోవాలి. డబ్బాలు కంపెనీ సొత్తు కాబట్టి డబ్బాలు మాత్రం ఖాళీగా అప్పజెప్పాలి. బిందెలొచ్చిన రోజు కవర్లొస్తాయి. ఇంతే.

సాయంత్రానికల్లా వీధి అంతా ఒక్క మాట మీదకొచ్చింది. పుష్పమ్మ ఇల్లిల్లూ తిరిగి, ఎవరైనా ఒక్క కవరు పంపినా వాళ్ళకు రేపటి నుంచి పాలు బంద్ అని చెప్పింది. ఆ తర్వాత పాయింట్ల పేరెత్తినవాళ్ళు లేరు.

నెలాఖరు వచ్చింది. నేను డబ్బా కడిగి, ఆరబెట్టి, మూత పెట్టాను. పెట్టానే గానీ గుమ్మం దాటించడానికి చెయ్యి రాలేదు. మా అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసిన మాట, ఎవరి గిన్నె అయినా సరే వట్టిది తిరిగి పంపకూడదు, కనీసం చిటికెడు చక్కెరైనా వేసి పంపాలి. ఇది పక్కింటి పులుసు గిన్నె కాదు, కంపెనీ డబ్బా అని నాకు నేనే చెప్పుకున్నాను. చేతులు వినలేదు. చెంచాడు చక్కెర కాగితంలో పొట్లం కట్టి అడుగున పెట్టి, ఎవరూ చూడకుండా మూత బిగించేశాను. అందరూ కలిసి పౌరుషంగా సమ్మె చేస్తుంటే నేనొక్కదాన్నే నీరుగారుస్తున్నానేమోనని లోపల ఒకటే గుబులు.

డబ్బాలన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని సికింద్రాబాద్ ప్యాట్నీ సెంటర్ దగ్గర ఆఫీసుకు బయలుదేరాం. తోడుగా పుష్పమ్మ, నేను. మేడ మీద హాల్లో తిరుమల్‌తో పాటు ఇంకొకావిడ కూర్చుని ఉంది. పేరు దేవకృప, సబ్బు కంపెనీ తరఫున లెక్కల కోసం మద్రాసు నుంచి వచ్చిన నెల్లూరు ఆవిడ. డబ్బాలన్నీ వరసగా బల్లల మీద పేర్చాక లోవమ్మ గారు కొంగు నడుముకు దోపుకుంది.

"డబ్బాలు తెచ్చానండి. కవర్లు లేవు. మా వాళ్ళ బిందెలొచ్చిన రోజు కవర్లొస్తాయి. ఇవన్నీ వట్టివే, కావలిస్తే చూసుకోండి," అని మొదటి డబ్బా మూత తీసింది.

అందులో చక్కెర పొట్లం ఉంది.

అది నాదే. లోవమ్మ గారు తెల్లమొహం వేసి రెండో డబ్బా తీసింది. అందులో పసుపుకొమ్ము, వక్క ఉన్నాయి. మూడోదాంట్లో బెల్లం ముక్క. తర్వాత దాంట్లో గుప్పెడు బియ్యం, ఆ తర్వాత దాంట్లో రెండు నిమ్మకాయలు, ఇంకోదాంట్లో పటికబెల్లం. తీసిన డబ్బాల్లో ఒక్కటీ వట్టిది కాదు. తీసిన ఏ డబ్బాలోనూ ఒక్క సబ్బు కవరు లేదు. లోవమ్మ గారు మా ఇద్దరి వైపూ తిరిగి చూసింది. నేను నేల చూపులు చూశాను. పుష్పమ్మ ఫ్యాను వైపు చూసింది. పుష్పమ్మ డబ్బాలోంచి అయితే, ఆకులో పెట్టిన వెన్నముద్ద ట్రాలీలో ఎండకు కరిగి బల్ల మీదకు కారుతోంది.

"గట్ల జూస్తవేంది బిడ్డా," అంది చివరికి పుష్పమ్మ, తిరుమల్‌తో. "కోపమొచ్చింది, నిజమే. కోపమొచ్చిందని ఉత్త డబ్బా ఎట్ల పంపుతం?"

దేవకృప గారు లేచి వచ్చి, పటికబెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. వెబ్‌సైట్ వేరే ఊళ్ళో ముందే మొదలైందట, ఆ లెక్కలూ ఆవిడ చేతిలోనే ఉన్నాయట. పాయింట్ల కోసం జనం ఏది పడితే అది కొట్టారట. ఒక బ్రహ్మచారి నెలనెలా పసిపిల్లల పౌడరు కొంటున్నట్టు రాశాడని చెప్పి నవ్వింది. ఆ నవ్వు ఆపి తిరుమల్‌ను ఒకటే అడిగింది, ఇప్పుడు ఈ డబ్బాల్ని ఏం చేస్తారని.

అక్కడే చిక్కొచ్చి పడింది. వట్టి డబ్బాలు వచ్చి ఉంటే, జమ రాసుకుని మూల గదిలో పడేసి, లోవమ్మ గారిని ఇంటికి పంపేసేవాళ్ళు. కథ అయిపోయేది. ఇవి నిండుగా వచ్చాయి. బన్సీలాల్‌పేటలో తల్లి చేతి కింద పెరిగినవాడికి దాని అర్థం ఎవరో చెప్పక్కర్లేదు. తిరుమల్ నుదురు రుద్దుకుని, బల్ల మీద వెన్న తుడిచి, దేవకృప గారితో అన్నాడు.

"నిండిన డబ్బా ఉత్తగ వాపస్ పంపితే మా అమ్మ నన్ను ఇంట్ల అడుగు పెట్టనియ్యదు మేడమ్. బిందెలు ఇయ్యాల్సిందే."

బిందెలివ్వండి, డబ్బాలు కూడా ఆ ఇళ్ళలోనే ఉండనివ్వండి, వచ్చే ఏడాదికి కూడా మాకు ఈ వీధే కావాలంది దేవకృప గారు. మేమిద్దరం సంతోషం పట్టలేక ఒకరి చేయి ఒకరం పట్టుకున్నాం. లోవమ్మ గారు మాత్రం కదల్లేదు.

"ఇంకొక్క మాట సార్," అంది. "లెక్కలు ఎవరికైనా ఇచ్చుకోండి. దాంతోపాటు మా వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు వెళ్ళకూడదు. పేరు బిందె మీదే ఉండాలండి, మీ లెక్కల్లో కాదు."

తిరుమల్ సరేనన్నాడు. దేవకృప గారు సాక్ష్యం అన్నట్టు ఇంకో పటికబెల్లం ముక్క తీసుకుంది.

బతుకమ్మ రోజుల్లో బిందెలు వచ్చాయి. అదే ట్రాలీ ఆటో, ఈసారి డ్రైవర్ పక్కన లోవమ్మ గారు పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. వీధి మొదట్లోనే ఆటో ఆపించి, ఒక్కొక్క బిందె ఎత్తి, దాని మీద పేరు గట్టిగా చదివి మరీ ఇచ్చింది. మా వీధిలో ఆడవాళ్ళ పేర్లు అంత గట్టిగా ఎవరూ పిలవగా నేను వినలేదు. ఫలానావాళ్ళ అమ్మ, ఫలానావాళ్ళ కోడలు అనే పిలుపులే. నా పేరు కల్పలత అని పక్కింటివాళ్ళకు ఆ రోజే తెలిసింది. మేము అటక మీది మూటలు దింపి ఆమె చేతిలో పెట్టాం. ఒక్క ఇల్లు కూడా ఎగ్గొట్టలేదు.

పుష్పమ్మకు చదువు రాదు. చుక్కచుక్కలుగా కొట్టిన అక్షరాల మీద వేలు పెట్టి, ఎక్కడ మొదలవుతుందో చూపించమంది. చూపించాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వేలు నడిపించి, మళ్ళీ మొదటికి వచ్చింది. తర్వాత ఇంట్లో నల్లా ఉండగానే, పనిగట్టుకుని వీధి చివర బోరింగ్ దాకా పోయి, బిందె నిండా నీళ్ళు కొట్టి, పేరు బయటికి కనపడేలా నడుముకు ఎత్తుకుని, వీధి మధ్యలోంచి నడిచి వచ్చింది. నడుమునొప్పి మనిషి! ఆ నడక చూసి లోవమ్మ గారు కళ్ళు తుడుచుకుంది. మా ఇంట్లో ఆ పూట రెండు కప్పుల టీ తాగింది.

ఆ వెబ్‌సైట్ మరుసటి ఏడాది చెప్పాపెట్టకుండా మూతపడింది. పాయింట్లు కూడబెట్టుకున్నవాళ్ళ పాయింట్లు ఏమయ్యాయో ఆ దేవుడికే తెలియాలి. అలాంటివి ఇంకా చాలా వచ్చాయి, నేనూ వాడాను, మా చిన్నదాని రిజల్ట్ అలాంటిదాంట్లోనే చూసి ఎగిరి గంతేశాను. ఫ్రీని తిట్టిపోసే మొహం నాకు లేదు. లోవమ్మ గారు మాత్రం నెలనెలా వస్తూనే ఉంది, మేము డబ్బా ఇస్తూనే ఉన్నాం.

ఆ మధ్య ఒక కుర్రాడు మెడలో కార్డు వేసుకుని పుష్పమ్మ గేటు ముందు నిలబడ్డాడు. ఏదో ఫ్రీ కార్డట, ఫ్రీ బహుమతులట, పేరూ ఫోన్ నంబరూ చెబితే చాలట. పుష్పమ్మ వాణ్ణి లోపలికి పిలిచింది. మంచినీళ్ళిచ్చింది. గుమ్మానికెదురుగా, పేరు బయటికి తిప్పి పెట్టిన బిందె వైపు చెయ్యి చూపించింది.

"నా పేరు ఉత్తగ రాదు బిడ్డా," అంది. "దానికి గంత పెద్ద బిందె పడ్డది."